గివ్‌డైరెక్ట్‌లీ సమీక్ష: నేరుగా ఇచ్చే డబ్బు దారిలో ఎక్కడ జారిపోతుంది?

పేదవాళ్లకు ఊరికే డబ్బిస్తే తాగుడుకు తగలేస్తారన్న అనుమానం దాతల్లో ఇంకా పోలేదు. నేరుగా నగదు పంచే గివ్‌డైరెక్ట్‌లీ గురించి మాట ఎత్తగానే అందరూ అడిగేది అదే. జవాబు ఎప్పుడో తేలిపోయింది: తగలేయరు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా పలు దేశాల నగదు పథకాల మీద వచ్చిన అధ్యయనాలను 2014లో ఒకచోట పేర్చి చూశారు. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా వాళ్లకు కనపడలేదు. ఈ సేవలో గండి పడేది డబ్బు చేతికి అందకముందే. జాబితా రాసేటప్పుడు, డబ్బు పడే ఫోను సిమ్ ఎవరి పేరున ఉందో తేల్చేటప్పుడు, ఫోనులో పడ్డ డబ్బుకు నోట్లిచ్చే ఏజెంటు దగ్గర అవి అయిపోయినప్పుడు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆ దారికే ఇస్తున్నాను.

ముందు సేవ ఏమిటో చూద్దాం. ఇది అమెరికాలో రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థ. హార్వర్డ్, ఎంఐటీలలో చదువుకుంటూ ఉండగా మైకేల్ ఫే, పాల్ నీహాస్, జెరెమీ షాపిరో, రోహిత్ వాంచూ అనే నలుగురు మొదలుపెట్టారు. తొలిరోజుల్లో సొంత డబ్బు, తెలిసినవాళ్ల డబ్బు కెన్యాకు పంపేవారు. 2011 నుంచి ఎవరిచ్చినా తీసుకుంటున్నారు. తర్వాత ఉగాండా, రువాండా, మలావి, లైబీరియా, మొజాంబిక్, కాంగో దాకా పాకింది. మీరిచ్చిన సొమ్ముతో వీళ్లు ఆవులు కొనిపెట్టరు, కుట్టుమిషన్లు పంచరు, శిక్షణ శిబిరాలు నడపరు. డబ్బును డబ్బుగానే ఇస్తారు. తిరిగి కట్టే పని లేదు, ఫలానా దానికే ఖర్చుపెట్టాలన్న షరతు లేదు.

షరతు లేకపోవడం చిన్న విషయం కాదు. మెక్సికో 1997లో ప్రోగ్రెసా పేరుతో మొదలుపెట్టిన పథకం, బ్రెజిల్ 2003లో తెచ్చిన బోల్సా ఫమీలియా రెండూ పిల్లల చదువు, ఆరోగ్య పరీక్షలతో డబ్బును ముడిపెట్టాయి. బడి, ఆసుపత్రి దగ్గర్లో ఉండి, హాజరు రాసే యంత్రాంగం ఉన్న దేశంలో ఆ పద్ధతి నడుస్తుంది. ఆసుపత్రికి సగం రోజు నడిచి వెళ్లాల్సిన చోట షరతు పెట్టామంటే అందరికన్నా దూరాన ఉన్న, అందరికన్నా పేద కుటుంబాన్నే ముందు కోసేసినట్టు. పైగా షరతు పాటించారా లేదా అని చూసే సిబ్బందికి జీతాలు అదే సొమ్ములోంచి పోతాయి.

ఎవరి కోసం అంటే, అత్యంత పేదరికంలో ఉన్నవాళ్ల కోసం. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో ఆ గీతను మనిషికి రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చింది. ఇది మారకపు రేటు లెక్క కాదు. అమెరికాలో 3 డాలర్లకు ఎంత సరుకు వస్తుందో, స్థానికంగా అంత సరుకు కొనడానికి పట్టే మొత్తం. కొత్త గీత ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మందికి పైగా దాని కింద ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో.

డబ్బు ఎలా వెళ్తుంది

కెన్యా పల్లెల్లో పాటించిన క్రమం దాదాపు ఇలా ఉంటుంది. పేదరికపు లెక్కలు చూసి ప్రాంతాన్ని ఎంచుకుంటారు. అధికారులతో మాట్లాడి అనుమతి తీసుకుంటారు. తర్వాత ఊరంతటినీ పిలిచి సభ పెడతారు. కెన్యాలో దీన్ని బరాజా అంటారు. ఎంత ఇస్తారు, ఎవరికి ఇస్తారు, ఎందుకు ఇస్తారు, ఇందులో ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు అన్న నాలుగు ముక్కలూ అందరి ముందూ చెప్పడమే ఆ సభ పని. దీన్ని తూతూమంత్రంగా ముగిస్తే తర్వాత వచ్చే తలనొప్పులకు లెక్కుండదు. "మీ పేరు రాయించింది నేనే, నా సంగతి చూడండి" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. సభలో అందరూ విన్న మాట ఒక్కటే అతని బేరానికి అడ్డు.

ఆ తర్వాత ఇంటింటి సర్వే. ఇంటి జీపీఎస్ గుర్తు, ఫొటో, గుర్తింపు కార్డు వివరాలు ట్యాబ్‌లో ఎక్కిస్తారు. సర్వే చేసినవాళ్లు కాకుండా వేరే మనుషులు మళ్లీ వెళ్లి ఆ ఇల్లు నిజంగా ఉందా, అందులో ఆ కుటుంబమే ఉంటోందా అని సరిచూస్తారు. పేరు రాసినవాడూ సరిచూసేవాడూ ఒకడే కాకూడదన్నది ఈ సేవలో అన్నిటికన్నా ముఖ్యమైన ఏర్పాటు. అది దెబ్బతింటే ఏమవుతుందో కాంగోలో తేలింది, ఆ సంగతి కింద చెబుతాను.

చివరిది చెల్లింపు. కెన్యాలో ఎం-పెసా ద్వారా. సఫారికామ్ 2007లో ప్రారంభించిన ఈ మొబైల్ డబ్బుకు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు. సిమ్, పిన్ నంబరు, గుర్తింపు కార్డు, దగ్గర్లో ఒక ఏజెంటు ఉంటే చాలు. మెసేజ్ వస్తుంది, ఏజెంటు కొట్టుకు వెళ్లి పిన్ కొట్టి నోట్లు తీసుకుంటారు. ఫోను లేనివాళ్లకు దాన్ని సమకూర్చి, ధర ఇచ్చే మొత్తంలోంచి మినహాయించుకునే పద్ధతి ఉంది. డబ్బు వెళ్లాక ఫోను చేసి అందిందా, ఎవరైనా లంచం అడిగారా అని ఆరా తీస్తారు. ఫిర్యాదు చేసుకోవడానికి ఫోను నంబరు కూడా ఇస్తారు.

మొత్తం ఒకేసారి వెళ్లదు. కెన్యాలోని సియాయా కౌంటీలో 2014 తర్వాత జరిగిన పెద్ద ప్రయోగంలో ఒక్కో కుటుంబానికి 87,000 షిల్లింగులు, అంటే అప్పటి లెక్కన సుమారు 1,000 డాలర్లు ఇచ్చారు. ముందు 7,000, తర్వాత 40,000 చొప్పున రెండు విడతలు. మొదటి చిన్న విడతకు కారణం ఉంది. సిమ్ మీద పేరు, రిజిస్టర్లో పేరు కలవకపోయినా, నంబరులో ఒక అంకె తప్పినా, పిన్ మర్చిపోయినా ఆ చిన్న మొత్తం దగ్గరే బయటపడుతుంది. తప్పు నంబరుకు పెద్ద మొత్తం వెళ్లాక తిరిగి రాబట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

మొత్తం ఎంత ఉండాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి

ఈ సేవ నాణ్యతను తేల్చేది ఎక్కువగా ఈ రెండు ప్రశ్నలే. దాతలకు మాత్రం ఇవి చివర్లో గుర్తొస్తాయి.

కెన్యాలోని రారియేడా ప్రాంతంలో యోహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షాపిరో చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. షాపిరో సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు కాబట్టి ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. కొందరికి నెలనెలా, కొందరికి ఒకేసారి ఇచ్చి చూశారు. నెలనెలా వచ్చినవాళ్ల ఇంట్లో తిండికి ఢోకా తగ్గింది. ఒకేసారి అందుకున్నవాళ్లు ఎక్కువగా రేకుల పైకప్పు లాంటి మన్నికైన వాటి మీద పెట్టారు. పైకప్పు అంటే విలాసం అనిపించవచ్చు. గడ్డి కప్పును మాటిమాటికీ మార్చాలి, ప్రతిసారీ గడ్డికి, కూలికి ఖర్చు. రేకులు వేస్తే ఆ ఖర్చు ఏళ్ల తరబడి ఉండదు. నెలకు కొంచెం కొంచెంగా వచ్చే డబ్బుతో రేకులు కొనడం కష్టం, ఎందుకంటే ఇంట్లో దాచిన డబ్బు ఆగదు. జ్వరమో చావో పెళ్లో వచ్చి పట్టుకుపోతుంది. డబ్బు భార్య చేతికి ఇచ్చారా, భర్త చేతికి ఇచ్చారా అన్నదాన్ని బట్టి చాలా విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని చాలామంది నమ్మరు గానీ ఆ అధ్యయనంలో తేలింది అదే.

ఇదే ప్రశ్నను ఇంకా పెద్దగా పరీక్షించింది కెన్యాలోనే గివ్‌డైరెక్ట్‌లీ డబ్బుతో జరుగుతున్న సార్వత్రిక ఆదాయ ప్రయోగం, అంటే పేదా ధనికా చూడకుండా అందరికీ ఇచ్చేది. 295 ఊళ్లు. 44 ఊళ్లలో పెద్దవాళ్లందరికీ నెలకు సుమారు 22.50 డాలర్లు పన్నెండేళ్లపాటు. 80 ఊళ్లలో అదే మొత్తం రెండేళ్లు. 71 ఊళ్లలో దాదాపు 500 డాలర్లు ఒక్కసారిగా. మిగతా 100 ఊళ్లకు ఏమీ లేదు, పోలికకు. రెండేళ్ల తర్వాత చూస్తే ఒకేసారి పెద్ద మొత్తం అందుకున్న ఊళ్లలో కొత్త వ్యాపారాలు బాగా పుట్టాయి. పన్నెండేళ్ల హామీ ఉన్న ఊళ్లలోనూ పుట్టాయి. రెండేళ్లపాటు నెలనెలా అందుకున్న ఊళ్లు ఈ విషయంలో వెనకబడ్డాయి. పన్నెండేళ్లవాళ్లు ఏం చేశారంటే, అందరూ కలిసి చీటీలు వేసుకుని, చిన్న వాయిదాలను వంతులవారీగా పెద్ద మొత్తాలుగా మార్చుకున్నారు. పైవాళ్లు ముక్కలు చేసి ఇస్తే కిందివాళ్లు మళ్లీ అతికించుకున్నారన్నమాట. రెండేళ్లలో ఆగిపోయే డబ్బు మీద అంత ధీమాగా చీటీ నడపడం కుదరదు.

మొత్తం మరీ తగ్గిస్తే? రువాండాలో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఒక పోషకాహార కార్యక్రమాన్ని నగదుతో పోల్చి చూసింది. ఫలితాలు 2018లో వచ్చాయి. కార్యక్రమానికి ఇంటికి ఎంత ఖర్చయిందో సుమారు అంతే నగదు ఇచ్చిన చోట పిల్లల ఎదుగుదలలో పెద్ద మార్పు లేదు. కార్యక్రమం నడిచిన చోటా లేదు. 500 డాలర్లు దాటిన పెద్ద మొత్తం ఇచ్చిన చోట మాత్రం ఆహారంలో, పిల్లల ఎత్తులో మెరుగుదల కనిపించింది. ఎక్కువమందికి అందాలని తలా కాస్త పంచడం వినడానికి న్యాయంగా ఉంటుంది, పని మాత్రం జరగదు. ఈ విషయంలో గివ్‌డైరెక్ట్‌లీ పట్టుబట్టి పెద్ద మొత్తాలే ఇస్తూ రావడం నాకు దాని అన్నిటికన్నా మంచి లక్షణంగా తోస్తుంది.

డబ్బు పుచ్చుకోనివాళ్ల సంగతి

సియాయా ప్రయోగం 653 ఊళ్లలో, పదివేలకు పైగా కుటుంబాలకు డబ్బిచ్చి జరిగింది. డెన్నిస్ ఎగ్గర్, ఎడ్వర్డ్ మిగెల్ తదితరులు 2022లో అచ్చువేసిన లెక్క ప్రకారం, ఊళ్లోకి వచ్చిన ప్రతి డాలరుకూ స్థానిక ఆర్థిక వ్యవస్థలో దాదాపు రెండున్నర డాలర్ల కదలిక వచ్చింది. డబ్బు అందని ఇరుగుపొరుగు ఇళ్లలో కూడా వినియోగం పెరిగింది. ధరలు సగటున 0.1 శాతం మాత్రమే పెరిగాయి. ఇంత డబ్బు దిగితే ధరలు ఎందుకు మండిపోలేదు? పల్లె కొట్లూ మిల్లులూ అంతకుముందు రోజులో సగం ఖాళీగానే ఉన్నాయి. గిరాకీ పెరిగితే ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతోనే ఎక్కువ అమ్మగలిగారు. సరుకు తెచ్చే రోడ్డే లేని చోట, యుద్ధం నడుస్తున్న చోట ఈ ఫలితాన్ని యథాతథంగా ఆశించకూడదు.

అదే ప్రాంతంలో జననాల వివరాలు సేకరించి 2025లో వెలువరించిన మరో పరిశోధన, డబ్బు అందిన కుటుంబాల్లో ఏడాదిలోపు శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయని చెప్పింది. నగదు ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని ఇంత గట్టిగా ఎవరూ అనుకోలేదు. అందులోనే ఒక మెలిక ఉంది: కాన్పు సమయానికి దగ్గరగా డబ్బు అందినవాళ్లలో, డాక్టరు ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఉన్నవాళ్లలో ప్రభావం ఎక్కువ. ఆసుపత్రి ఉంటేనే డబ్బు దాన్ని చేరుకోవడానికి పనికొస్తుంది. లేని ఆసుపత్రిని ఏ కుటుంబమూ వెయ్యి డాలర్లతో కట్టుకోలేదు. టీకాలు, తాగునీరు, రోడ్డు, మంచి బడి కూడా అంతే.

ఇక అసూయ. రారియేడా అధ్యయనంలో, పక్కింటివాళ్లకు వచ్చి తమకు రాని కుటుంబాల్లో జీవితం మీద తృప్తి తగ్గినట్టు తేలింది. కొంతకాలానికి ఆ బాధ మాసిపోయింది. అయినా దీన్ని తేలిగ్గా తీసేయలేం, ఎందుకంటే ఊళ్లో ఎవరికివ్వాలో తేల్చే పద్ధతిలోనే దీనికి మూలం ఉంది.

జాబితా: మొదటి గండి

తొలినాళ్లలో కెన్యాలో నియమం చాలా సులువు. గడ్డి కప్పు ఉంటే డబ్బు వస్తుంది, రేకులుంటే రాదు. ఇది పిచ్చి నియమంలా కనిపిస్తుంది గానీ దానికి మూడు మంచి గుణాలు ఉన్నాయి. అందరికీ కనపడుతుంది, దాచలేరు, సరిచూడటానికి ఖర్చు కాదు. ఆదాయం ఎంత అని అడిగితే ఎవరైనా తగ్గించి చెబుతారు. కప్పును తగ్గించి చెప్పలేరు.

మరి ఎక్కడ బెడిసింది? నియమం తెలిసిపోయాక కొందరు రేకుల ఇల్లుండగా పక్కనున్న గుడిసెలో కాపురం ఉంటున్నట్టు చూపించారు. రెండోసారి వేరే మనుషులు వచ్చి చూసే తనిఖీ అందుకే అవసరమైంది. దానికన్నా పెద్ద తప్పు మరొకటి. భర్త బతికున్నప్పుడు వేయించిన రేకుల కింద ఇప్పుడు ఏ ఆధారమూ లేని విధవరాలు ఉంటుంది, ఆమెకు రాదు. రేకులకు డబ్బు కూడబెడుతూ ఇంకా వేయించని కుటుంబానికి వస్తుంది. ఊరు దీన్ని అన్యాయం అంటుంది, ఊరి మాటలో తప్పులేదు.

అందుకే సంస్థ చాలాచోట్ల ఊళ్లో అందరికీ ఇచ్చే పద్ధతికి మారింది. కాస్త ఉన్నవాళ్లకూ డబ్బు పోతుంది, అది దీని ధర. బదులుగా పైరవీ ఆగుతుంది, సర్వే ఖర్చు తగ్గుతుంది, ఒకే వీధిలో ముఖాలు మాడ్చుకోవడం ఉండదు. తగవు పొలిమేర దగ్గరికి జరుగుతుంది: పక్క ఊరికి ఎందుకు రాలేదు? దానికి ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు. ఊరంతా పేదగానే ఉన్న చోట అందరికీ ఇవ్వడమే సరైనదని నా అభిప్రాయం. ధనిక పేద కలిసి ఉండే పట్టణాల్లో ఇది వృథా.

టోగోలో 2020లో మూడో దారి తొక్కారు. కోవిడ్ సమయంలో ప్రభుత్వం నోవిస్సి అనే నగదు పథకం పెట్టింది. పల్లెలకు విస్తరించినప్పుడు గివ్‌డైరెక్ట్‌లీ డబ్బిచ్చింది. ఉపగ్రహ చిత్రాల నుంచి అత్యంత పేద ప్రాంతాలను, ఫోను వాడే తీరు నుంచి పేద మనుషులను కంప్యూటరే అంచనా వేసింది. ఎవరూ ఎవరింటికీ వెళ్లలేదు, మామూలు ఫోనులో కోడ్ కొట్టి నమోదు చేసుకున్నారు, డబ్బు ఫోనులోకే వచ్చింది. లాక్‌డౌన్‌లో అది అద్భుతంగా పనికొచ్చింది. కానీ ఫోనే లేని మనిషి ఈ పద్ధతికి అసలు కనపడడు. అందరికన్నా పేదవాళ్లలో ఫోను లేనివాళ్లే ఎక్కువ. పైగా "నాకెందుకు రాలేదు" అని అడిగితే ఊరి పెద్ద కాకపోయినా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, కంప్యూటరు చెప్పదు. వేరే దారి లేని అత్యవసరంలో తప్ప దీన్ని మొదటి ఎంపికగా చూడకూడదు.

జాబితాలో పేరు ఉండీ వద్దన్నవాళ్లూ ఉన్నారు. 2015లో కెన్యాలోని హోమా బే కౌంటీలో దాదాపు 45 శాతం మంది డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. మామూలుగా కాదనేవాళ్లు 5 శాతం చుట్టూ ఉంటారు. ఇది దెయ్యాన్ని కొలిచేవాళ్ల సొమ్మనీ, తీసుకుంటే కీడు జరుగుతుందనీ పుకార్లు లేచాయి. వాళ్ల తెలివితక్కువతనం అని నవ్వేసేముందు ఒకటి ఆలోచించాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి ఏడాది సంపాదనకు దగ్గరగా ఉండే మొత్తాన్ని ఊరికే ఇస్తామంటే ఎవరికైనా ముందు వచ్చేది అనుమానమే. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టేటప్పుడు స్థానిక నాయకులు, మత పెద్దలతో ముందే మాట్లాడటానికి తగినంత సమయం ఇవ్వాలన్నది దీన్నుంచి వచ్చే పని పాఠం.

సిమ్, ఏజెంటు: రెండో, మూడో గండి

సంస్థ చరిత్రలో పెద్ద మచ్చ కాంగోలోని దక్షిణ కీవూ ప్రాంతంలో పడింది. 2022లో అక్కడి కార్యక్రమంలో సంస్థ సొంత సిబ్బందే బయటివాళ్లతో కలిసి 9 లక్షల డాలర్లకు పైగా మళ్లించారు. 1,700కు పైగా కుటుంబాలకు చేరాల్సిన సొమ్ము. దొంగతనం ఎలా జరిగిందో చూస్తే ఈ సేవ ఎముకలు కనపడతాయి. మామూలుగా లబ్ధిదారులే తమ సిమ్‌ను తామే రిజిస్టర్ చేయించుకోవాలి. ఈ ప్రాంతంలో సాయుధ ముఠాలు తిరుగుతుంటాయి, ప్రయాణం ప్రమాదం. అందుకని ఆ నియమాన్ని సడలించి, నమోదు సమయంలోనే సిబ్బంది చేత సిమ్‌లు రిజిస్టర్ చేయించారు. సిమ్ ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లది. తనిఖీ చేయాల్సినవాళ్లలోనూ కొందరు కుట్రలో ఉండటంతో హెచ్చరిక ఆలస్యంగా మోగింది.

ఇందులో రెండు వైపులూ చెప్పాలి. నియమాన్ని సడలించిన కారణం దయే: నడిచి రాలేనివాళ్లకు ఇబ్బంది తప్పించడం. గండి మాత్రం అక్కడే పడింది. మరోవైపు, ఈ నష్టాన్ని 2023లో సంస్థే స్వయంగా మొత్తంతో సహా బయటపెట్టింది. దానాల రంగంలో ఇది అరుదు. ఎప్పుడూ ఏ దొంగతనమూ జరగలేదని చెప్పే సంస్థ నిజంగా వెతుకుతోందా అని అడగాలి.

సొంత సిమ్ ఉన్నా గుర్తింపు కార్డు లేనివాళ్ల సమస్య తీరదు. ముసలివాళ్లు, శరణార్థులు, ఊరు మారినవాళ్లు చాలామందికి కార్డుండదు. అప్పుడు నమ్మకమైన బంధువు పేరున డబ్బు పంపాల్సి వస్తుంది. ఆ బంధువు ఎంత నమ్మకస్తుడో ఫోను చేసి అడిగితే తేలదు, పక్కనే అతను నిలబడి ఉంటాడు కాబట్టి. ఇలాంటి ఇళ్లకు మనిషి స్వయంగా వెళ్లి విడిగా మాట్లాడాలి. ఖర్చే గానీ మానకూడని ఖర్చు.

ఏజెంటు దగ్గర వచ్చే చిక్కు మామూలుది, అందుకే ఎవరూ పట్టించుకోరు. పల్లె ఏజెంటు గల్లాలో కొద్ది నోట్లే ఉంటాయి. ఒకే రోజు ఊరంతటికీ 40,000 షిల్లింగుల చొప్పున పడితే ఏజెంటు మధ్యాహ్నానికే చేతులెత్తేస్తాడు. అప్పుడు కొందరు పట్టణానికి బండి ఖర్చు పెట్టుకుని పోతారు, కొందరు ఏజెంటు అనధికారంగా అడిగిన అదనపు కమీషన్ ఇస్తారు, పిన్ కొట్టడం రానివాళ్లు ఫోనే ఏజెంటు చేతికి ఇచ్చేస్తారు. మందు తెలిసిందే: ఊళ్లను వేర్వేరు రోజుల్లో పెట్టడం, ఏజెంట్లకు ముందే చెప్పి నోట్లు తెప్పించుకోమనడం, పిన్ నొక్కడం నమోదు రోజే సాధన చేయించడం, అన్నీ ఒకేసారి తీయక్కర్లేదని, ఫోనులోనే ఉంచుకోవచ్చని చెప్పడం.

మిగతావాటితో పోలిస్తే

సూక్ష్మ రుణాలు ఒకప్పుడు పేదరికానికి దివ్యౌషధంగా అమ్ముడయ్యాయి. ఆరు దేశాల్లో జరిగిన ఆరు అధ్యయనాలు 2015లో ఒకేసారి అచ్చయ్యాయి. అప్పు కొందరికి ఉపయోగపడింది గానీ జీవితాలను మార్చలేదన్నది వాటి సారం. కారణం ఊహించదగ్గదే: వారం వారం వాయిదా కట్టాల్సిన డబ్బును ఆలస్యంగా ఫలించే పనిలో పెట్టలేరు.

గట్టి పోటీ ఇచ్చేది బంగ్లాదేశ్ సంస్థ బ్రాక్ 2002లో మొదలుపెట్టిన నమూనా. ఆవో మేకలో ఒక ఆస్తి, కొన్నాళ్లు తిండి ఖర్చు, శిక్షణ, పొదుపు, రెండేళ్లపాటు ఇంటికి వచ్చి చూసే మనిషి, అన్నీ కలిపి ఇస్తారు. ఆరు దేశాల్లో పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి, చాలావరకు బాగున్నాయి. బిక్కుబిక్కుమంటూ బతికే, వ్యాపారం ఎన్నడూ చేయని కుటుంబానికి అది నగదు కన్నా నప్పవచ్చు. కానీ ఇంటింటికీ తిరిగే మనుషుల జీతాలు ఎక్కువ, మంచి సిబ్బంది దొరకడం కష్టం, పెద్ద ఎత్తున చేస్తే నాణ్యత పలుచబడుతుంది. నగదుకు ఆ బెడద తక్కువ.

దోమతెరలు, మలేరియా మందుల లాంటివి ఇంకో వర్గం. దానాలను అంచనా వేసే గివ్‌వెల్ 2022లో గివ్‌డైరెక్ట్‌లీని తన అగ్ర జాబితా నుంచి తప్పించింది. అదే డాలరుతో ప్రాణాలు కాపాడే సేవలు ఇంకా ఎక్కువ మేలు చేస్తాయన్నది వాళ్ల లెక్క. 2024లో అదే గివ్‌వెల్ తన పాత అంచనా తక్కువని, నగదు ప్రభావం మూడు నాలుగు రెట్లు ఎక్కువని సవరించుకుంది. ఇరుగుపొరుగుకు అందిన లాభాన్ని లెక్కలో కలపడం దీనికి ఒక ప్రధాన కారణం. అయినా మలేరియా తీవ్రంగా ఉన్న చోట మందూ తెరా ముందు, డబ్బు తర్వాత. డబ్బిచ్చినా దోమతెర కొనుక్కోరా అంటే, కొందరు కొంటారు. అందరూ వాడితేనే ఊరికంతటికీ రక్షణ వచ్చే వస్తువును ఒక్కో కుటుంబం విడివిడిగా తన అవసరం మేరకే లెక్కేస్తుంది.

ప్రభుత్వాలకు ఇది ప్రత్యామ్నాయం అనుకునేవాళ్లు మాత్రం పొరబడుతున్నారు. ఏటా ఆగకుండా, హక్కుగా, పుట్టిన ప్రతి బిడ్డకూ, ప్రతి ముసలికీ డబ్బు చేర్చగలిగింది పన్నులు వసూలు చేసే రాజ్యమే. దాత విసుగెత్తిన రోజు విరాళం ఆగుతుంది. ఈ సేవ చేయగలిగింది ఏ మొత్తం, ఏ పద్ధతి పనిచేస్తుందో చూపించి, ప్రభుత్వాలు వాడుకునేలా ఆ వివరాలు బయట పెట్టడం. ఆ పని బాగానే చేసింది.

ఇవ్వాలనుకుంటే

వెబ్‌సైటులో కార్యక్రమాలు విడివిడిగా ఉంటాయి: పేదరిక నిర్మూలన, అత్యవసర సహాయం, ఫలానా దేశం. ఫలితాల గురించి పైన చెప్పినవన్నీ ఎక్కువగా పల్లెల్లో పెద్ద మొత్తం ఇచ్చే పేదరిక కార్యక్రమం గురించినవి. వరద, యుద్ధం పేరుతో ఇచ్చే అత్యవసర నిధికి ఆ రుజువులను అంటగట్టకూడదు. అక్కడ మొత్తాలు చిన్నవి, హడావుడి ఎక్కువ, తనిఖీకి సమయం తక్కువ.

మీకు నచ్చిన కుటుంబాన్ని ఎంచుకునే వీలు లేదు, ఉండకూడదు కూడా. ఫొటో చూసి ఎంచుకోమంటే అందమైన పిల్లలున్న ఇళ్లకే డబ్బు పోతుంది. అందుకున్నవాళ్లు చెప్పిన మాటలను దిద్దకుండా పెట్టే పేజీని కూడా తెచ్చారు. అందులో మేకలు చచ్చిపోయాయని, డబ్బు అప్పులకే పోయిందని చెప్పినవి కూడా చదవండి.

ప్రతి డాలరులో ఎంత చేతికి చేరుతుందన్న అంకె దేశాన్ని బట్టి మారుతుంది. తక్కువ అంకె చూసి వెంటనే తీసిపారేయవద్దు. రోడ్డు లేని చోట, రెండోసారి తనిఖీ చేసే చోట ఖర్చు పెరుగుతుంది. అనుమానించాల్సింది కష్టమైన ప్రాంతంలోనూ ఖర్చు మరీ తక్కువగా చూపించే లెక్కను. పెద్ద మొత్తం ఇచ్చే ముందు సంస్థకు రాసి మూడు విషయాలు కనుక్కోండి: సిమ్‌లు ఎవరు రిజిస్టర్ చేస్తున్నారు, నమోదు చేసినవాళ్లూ తనిఖీ చేసేవాళ్లూ వేర్వేరు అధికారుల కింద ఉన్నారా, డబ్బు పడ్డాక ఎంత శాతం ఇళ్లకు మళ్లీ వెళ్లి మాట్లాడారు.

నెలనెలా చిన్న చందా పెట్టుకోవడానికి సందేహించక్కర్లేదు. నెలకు 30 డాలర్లంటే ఏడాదికి 360, ఒక కుటుంబానికి ఇచ్చే మొత్తంలో మూడో వంతు దాటుతుంది. అక్కడివాళ్లకు చిల్లరగా చేరుతుందన్న భయం లేదు. అందరి చందాలూ కలిపి పెద్ద విడతలుగా పంపేది సంస్థే. కార్డు కంపెనీ ప్రతి చెల్లింపు మీదా కొంత కోసుకుంటుంది కాబట్టి, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు బ్యాంకు బదిలీ ఎంచుకుంటే ఆ కోత తగ్గుతుంది.